తొలిచూలు తీగ

భిక్షపతి చెప్పులు ముందుగా వాకిట్లోకి వచ్చి పడ్డాయి. వాటి వెనకనే ఇనప పెట్టె వచ్చింది. పెట్టె మూత ఊడి, భిక్షపతి పెండ్లాం ఈశ్వరమ్మ పెండ్లిచీర సగం మట్టిలో పరుచుకుంది.

"తియ్యి! నీయి ఏమేమున్నయో అన్ని తియ్యి! పొద్దు గూకేలోపట ఈ కమాను దాటి పోవాలె నువ్వు!"

గుమ్మంలో నిలబడి అరుస్తున్నది మొగులయ్య. ఇన్నేళ్ల కాపురంలో ఆయన గొంతు ఇంత పైకి లేవడం కాశమ్మ ఎన్నడూ వినలేదు. ఎడ్లను అదిలించేటప్పుడు కూడా బతిమాలినట్టు మాట్లాడే మనిషి. అలాంటివాడు, తండ్రి పోయిన నాటి నుంచి భుజాల మీద పెట్టుకుని పెంచిన తమ్ముడి మీద మెడ నరాలు ఉబ్బేలా అరుస్తున్నాడు.

"అన్నా, నీళ్లు నేను పెట్టలే," అన్నాడు భిక్షపతి.

"మరెవలు పెట్టిండ్రు? చార్మినార్ నడుసుకుంట వచ్చి మోట కొట్టిందా?"

"నేను పెట్టలే. గంతే."

"పోయినారం గీ వాకిట్లనే నిలబడి ఏమన్నవ్? ఆకులు మాడిపోతున్నయ్, నువ్వు లేనప్పుడు నేనే మోట కొడ్త సూడు అనలే? ఈశ్వరమ్మా, నువ్వు చెప్పు. అన్నడా లేదా?"

నిండు నెలలకు దగ్గరపడిన ఈశ్వరమ్మ గోడకు చేరగిలబడి ఉంది. ఆమె తల వంచుకుంది. అన్న మాట నిజమే. కోపంలో అన్నాడు. కోపంలో అన్నవన్నీ చేసేవాడే అయితే భిక్షపతి ఈపాటికి సగం షాలిబండను తగలబెట్టి ఉండాలి. ఆ సంగతి అందరికంటే బాగా తెలిసినవాడు మొగులయ్యే.

కాశమ్మ పొయ్యి ముందు జొన్నపిండి కలుపుతూ కూర్చుంది. పొయ్యిలో నిప్పు లేదు. పిండి ఎప్పుడో ముద్దయింది. అయినా ఆమె చేతులు ఆగడం లేదు. తల ఎత్తితే ఎవరి కళ్లలోనో తన కళ్లు పడతాయని భయం.

ఎందుకంటే నీళ్లు పెట్టింది కాశమ్మ.

---

రాయ్ బాలకిషన్ దేవిడీ, అంటే ఆ పెద్ద బంగళా, వెనక ఉన్న అంగూర్ తోటే, ఆ ద్రాక్ష పందిళ్లే, ఆ ఇంటికి అన్నం, నీడ. తోటలోనే రెండు గదుల పెంకుటిల్లు, తోటలోనే మోటబావి, తోట మూలన ఎడ్ల కొట్టం. మొగులయ్య తాత నుంచి ఆ కుటుంబం పుట్టినా చచ్చినా ఆ పందిళ్ల కిందే.

మూడేళ్ల కిందటి దాకా అక్కడ తెల్ల అంగూర్ కాసేది. గంపలకెత్తి అఫ్జల్‌గంజ్ పంపితే మధ్యాహ్నానికల్లా ఖాళీ గంపలు తిరిగి వచ్చేవి. తర్వాత లడాయి పుణ్యమా అని సముద్రం అవతలి వైన్ సీసాలు రావడం ఆగిపోయింది. సీసాలు ఆగినంత మాత్రాన పెద్దవాళ్ల గొంతులు ఎండబెట్టుకుంటారా? మూసీ అవతల ఒక సేటు వైన్ కార్ఖానా తెరిచాడు. ఆ కార్ఖానావాళ్లే నల్ల అంగూర్ కొమ్మలు తెచ్చి ఇచ్చారు. మొగులయ్య పాత తీగలు పీకి, వీటిని నాటాడు.

ఆ నల్ల కాయ బజారుకు పనికిరాదు. చిన్న కాయ, మందం తోలు, నోటినిండా గింజలు. పిల్లలకు పెడితే ఉమ్మేస్తారు. కార్ఖానా కొంటే కొన్నట్టు, లేకుంటే మట్టిలో కలిసినట్టు.

దేవిడీ యజమాని రాయ్‌సాబ్‌కు తోట మీద మోజు ఎప్పుడో పోయింది. వెనక జాగాలో వరసగా మల్గీలు, దుకాణపు గదులు, కట్టి కిరాయికి ఇవ్వమని ఆయన కొడుకులు చెవిలో పోరుతున్నారు. "ఒక్క కాపు చూస్త మొగులయ్యా. కార్ఖానా నీ అంగూర్ ఒప్పుకుంటే తోట నీదే అనుకో. లేదంటే తీగలు పీకించి పునాదులు తవ్విస్త," అని ఆయన ముందే చెప్పాడు.

ఆ ఒక్క కాపు ఇదే. అదిప్పుడు కోతకొచ్చింది.

కార్ఖానా పెట్టిన షరతు చిన్నదే. కాయ నల్లబడ్డ తర్వాత కోసేదాకా తోటకు చుక్క నీరు పెట్టకూడదు. తీగ ఎండితేనే కాయలోకి తీపి దిగుతుంది, తీపి ఉంటేనే వైన్ అవుతుంది. తరాలుగా బజారుకు పండించినవాళ్లకు ఇది తలకిందుల మాట. అఫ్జల్‌గంజ్‌కు పంపే ముందు తడి ఇస్తేనే కదా కాయ ఉబ్బి నిగనిగలాడేది! ఎండిన తీగను చూస్తే వాళ్ల చేతులు ఊరుకోవు.

నిన్న మొగులయ్య బండ్లు మాట్లాడటానికి కార్ఖానాకు పోయాడు. భిక్షపతి గంపల కోసం ధూల్‌పేట్ పోయాడు. ఈశ్వరమ్మ పుట్టింటికి పోయింది, చీకటిపడితే గాని రాదు. అప్పుడు అత్త ఆగమ్మ పసుపు కుంకుమలు పళ్లెంలో పెట్టుకుని పందిరి కిందికి వచ్చింది.

"కాశీ, జర ఇటు రా బిడ్డా."

ఆగమ్మ పుట్టింటివాళ్లు కూడా తోటవాళ్లే. కొత్త తీగ మొదటిసారి కాస్తే దాని మీద కత్తి పెట్టేముందు ఇంటి ఆడవాళ్లు దానికి సీమంతం చేయాలి. అది వాళ్ల ఇంటి ఆచారం. తీగ మొదలుకు పసుపు రాసి, బొట్టు పెట్టి, కొమ్మకు గాజులు తొడిగి, మొదట్లో ఒక బిందె నీళ్లు పోసి, ఆఖరున ఆ గాజులను వేళ్ల దగ్గరే పాతిపెడతారు.

"అత్తా, నీళ్లు పొయ్యొద్దన్నరు గదా?"

"తొలిచూలుది బిడ్డా ఇది. కడుపుతోటి ఉన్నదాన్ని దూపకు ఎండగొట్టి, ఆ మీద కత్తి పెడ్తరా? ఒక్క బిందె. ఒక్క బిందెకు ఏం మునుగుతది?"

ఆగమ్మ కొంగుముడి విప్పి ఆకుపచ్చ గాజులు తీసింది. లాడ్ బజార్ గాజులు, పాతవి, మెరుపు తగ్గినవి.

"ఇవి నీ పేరు మీద తెచ్చిన," అంది ఆమె. "నీకు మొదటిసారి నెల తప్పినప్పుడు తెచ్చి దాచిన. ఏడో నెల రాకముందే పాయె. మళ్ల నిలిస్తే తొడుగుదమని పెట్టిన. మళ్ల పాయె. నీకైతే చెయ్యలేకపోయిన బిడ్డా. గీ తీగకన్న చేద్దాం దా."

కాశమ్మకు ఏడుపు ఆగలేదు. ఏడుస్తూనే తీగ మొదలుకు పసుపు రాసింది, కొమ్మకు గాజులు తొడిగింది, బిందె నీళ్లు పోసింది. తర్వాత ఆ గాజులను వేళ్ల దగ్గర పాతింది. అంతటితో ఆగి ఉంటే ఏ గొడవా లేదు.

పొద్దు వాలేసరికి ఆ ఒక్క తీగ ఆకులు నిటారుగా లేచాయి. పక్కనున్న తీగలన్నీ తలలు వేలాడేసుకుని నిలబడ్డాయి. ఒకదానికి పెట్టి మిగతావాటికి పెట్టకపోవడం ఎట్లా? కాశమ్మ ఇంకో బిందె పోసింది. ఇంకొకటి. చివరికి కొట్టంలోంచి ఎడ్లను విప్పుకొచ్చి మోటకు కట్టింది. గిరక కిర్రుమంటుంటే, నీళ్లు కాలువలో గలగలా పారుతుంటే, ఆగమ్మ పందిరి కింద కూర్చుని చాలా ఏళ్ల తర్వాత సీమంతం పాట ఎత్తుకుంది. కాశమ్మ కూడా గొంతు కలిపింది. పిచ్చి మనసు, అంతగా ఎప్పుడు సంతోషపడిందో ఆమెకే గుర్తులేదు.

తెల్లారేసరికి కాయలు పగిలిపోయాయి. ఎండిన తీగలు ఒక్కసారిగా తాగిన నీటికి కాయ ఉబ్బి, తోలు చిట్లి, రసం గుత్తుల మీద కారింది. కందిరీగలు పందిరంతా ముసురుకున్నాయి. వేకువనే ఇంటికొచ్చిన మొగులయ్య చూసింది అదే.

---

"నేను చెప్త," అంది కాశమ్మ లోపలికి వచ్చి.

ఆగమ్మ మంచం మీద గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. మాట విని లేచి కూర్చుంది.

"నువ్వు నోరు మెదపకు. చేపిచ్చింది నేను. నేనే చెప్త వాడికి. ముసలిదాన్ని నన్నేం జేస్తడు?"

కర్ర పట్టుకుని ఆగమ్మ వాకిట్లోకి నడిచింది. కాశమ్మ వెనకే నడిచింది.

"మొగులయ్యా, జర ఇను బిడ్డా. నిన్న మాపటికి—"

"అమ్మా, లోపటికి పో."

"అది కాదురా, నేను చెప్పేది—"

"లోపటికి పో అంటున్న! నా లొల్లి నాకున్నది."

ఆగమ్మ బిత్తరపోయింది. కన్నతల్లిని ఆయన ఎన్నడూ ఇట్లా కసురుకోలేదు. కాశమ్మ ముందుకొచ్చింది.

"ఇగో, ఆమెను అననియ్యి. అత్త చెప్పేది—"

"నీకేం పని లేదా?" అన్నాడు మొగులయ్య, ఆమె ముఖం వైపు చూడకుండా. "పో, పగలని గుత్తులు ఏరు. సాబ్ వచ్చే యాళ్లయింది. పో!"

కాశమ్మ పందిరి కిందికి పోయింది. పగలని గుత్తుల కోసం వెతికితే చేతికి పగిలినవే వచ్చాయి. వేళ్లకు రసం అంటుకుంది, అప్పుడే పులిసిన వాసన వేస్తున్నది. కందిరీగ కుట్టినా ఆమెకు తెలియలేదు.

అటు పక్క గంపలు సర్దుతున్న భిక్షపతి ఆమె దగ్గరికి వచ్చాడు.

"వదినా," అన్నాడు మెల్లగా. "నిన్న నేను వచ్చేసరికి నీ చీర అంచుకు బురద ఉండె."

కాశమ్మ చేతిలోని గుత్తి కింద పడింది.

"నేనెవలికీ చెప్పలే," అన్నాడు. "నువ్వే చెప్తవని చూస్తున్న."

"చెప్పనిస్తలేడు భిక్షపతీ! నోరు తెరిస్తే కసురుతున్నడు. నేను ఇప్పుడే పోయి..."

దేవిడీ కమాను వాకిలి కింద గుర్రపు బండి ఆగిన చప్పుడైంది. కార్ఖానా మనిషి వచ్చేశాడు.

---

షఫీఉద్దీన్ సాబ్ పని కార్ఖానాలో రసం పరీక్షించడం. నడివయసు మనిషి. వైన్ చుక్క నోట్లో పెట్టి ఎరగనని అందరికీ చెప్పుకుంటాడు, అది నిజం కూడాను. ఆయన పందిరి అంతా తిరిగి చూశాడు. చూస్తున్నకొద్దీ మొహం మాడింది.

నాలుగు గుత్తులు కోయించి, గుడ్డలో పిండించి, రసాన్ని పొడుగాటి గాజు గిన్నెలో పోయించాడు. సంచిలోంచి సన్నని గాజు పుల్ల తీసి అందులో వదిలాడు. రసం తియ్యగా చిక్కగా ఉంటే ఆ పుల్ల పైకి తేలుతుంది. పలచగా ఉంటే లోపలికి దిగిపోతుంది. ఇంటిల్లిపాదీ గిన్నె చుట్టూ చేరారు.

పుల్ల కిందికి దిగింది. దిగి, గిన్నె అడుగు తాకినంత పని చేసింది.

"యే క్యా హై మొగులయ్యా?" అన్నాడు సాబ్. "ఇది అంగూర్ రసమేనా? పానీ హై యే, ఉట్టి నీళ్లు."

మొగులయ్య చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"సేటుకు నేనేం చెప్పాలె? మూడు సాల్ల నుంచి ఈ తోట మీద మస్తు ఆశ పెట్టుకున్నడు ఆయన. పులవబెట్టి సిర్కా చేసుకోవాల్నంటే పనికొస్తదేమో. వైన్‌కైతే ఒక్క గంప గూడ తీసుకోను."

"సాబ్, మీరే దిక్కు," అన్నాడు మొగులయ్య.

"దిక్కు అంటే నేనేం జేస్త? ఒక్క మాట సాఫ్‌గ చెప్పు. నీళ్లు పెట్టినవా?"

మొగులయ్య తలపాగా విప్పి చేతిలో పట్టుకున్నాడు.

"విను," అన్నాడు సాబ్ గొంతు కొంచెం తగ్గించి. "ఎవ్వరూ పెట్టలేదంటే నేలల్నే ఊట ఉన్నట్టు. గట్లయితే ఈ తోట ఎన్నటికీ వైన్‌కు పనికిరాదు. గదే మాట ఇయ్యాల రాయ్‌సాబ్‌కు చెప్పి పోవాలె నేను. ఎవరన్న పెట్టిన్రంటే తీగల తప్పు లేదు, మనిషి తప్పు. మళ్ల కాపు దాకా తీగలు పీకొద్దని రాయ్‌సాబ్‌కు నేనే చెప్త. కాని షరతు తప్పినోడు తోటల ఉండొద్దు. ఇది సేటు కానూన్. నిన్న నీకు చెప్పిన గదా, అన్ని తోటలకు ఇదే కానూన్."

నిన్న చెప్పాడట! కాశమ్మ మొగుడి వైపు చూసింది. ఆయన ఇంటికి వచ్చి ఆ మాట ఎవరికీ చెప్పలేదు.

తోటలో ఉండొద్దంటే ఇంట్లో ఉండొద్దన్నట్టే. ఇల్లు తోటలోనే ఉంది.

"నాకు తెలుస్తనే ఉన్నది, ఎవరో పెట్టిన్రు," అన్నాడు సాబ్. "పేరు చెప్పు. ఎవరు?"

ఇంక ఆగితే ఈ జన్మకు చెప్పలేనని కాశమ్మకు తెలిసింది. కొంగు నడుముకు బిగించి ముందుకు నడిచింది.

"నేను పెట్టిన సాబ్. నా చేతులతోటి మోట కొట్టిన. నా మరిది పాపం లేదు ఇందుల."

"నేనే చేపిచ్చిన సాబ్," అంది వెనక నుంచి ఆగమ్మ. "కోడలిది తప్పు లేదు."

సాబ్ ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. మొగులయ్య నవ్వాడు.

"ఆడోళ్ల మాటలు పట్టుకోకుండ్రి సాబ్," అన్నాడు ఆయన. "మరిదంటే పానం దీనికి. పిల్లలు లేరు, వాణ్ణే కొడుకు లెక్క పెంచింది. వాడి మీదికి రావద్దని తన మీద ఏసుకుంటున్నది. మా అమ్మ గూడ గంతే. చిన్నకొడుకు గదా."

"లేదు సాబ్! ఒట్టు! నేనే—"

"కాశీ!"

ఆమె నోరు మూతపడింది. ఆయన మళ్లీ సాబ్ వైపు తిరిగాడు.

"నా తమ్ముడు పెట్టిండు సాబ్. భిక్షపతి."

అందరి చూపులూ భిక్షపతి మీదికి పోయాయి. గంపల పక్కన నిలబడ్డ భిక్షపతి అన్న ముఖంలోకి చాలాసేపు చూశాడు. తర్వాత వదిన వైపు చూశాడు. పొద్దుటి నుంచి తనను తిడుతున్న అన్న ఆ కసురుళ్ల కింద ఏం దాస్తున్నాడో అప్పుడు వాడికి అర్థమైంది.

"అవును సాబ్," అన్నాడు. "నేనే పెట్టిన."

గోడ దగ్గర నిలబడ్డ ఈశ్వరమ్మ రెండు చేతులతో ముఖం కప్పుకుంది.

---

సాబ్ రాయ్‌సాబ్‌ను కలవడానికి దేవిడీలోకి పోయాడు. మొగులయ్య పందిరి కిందికి పోయి, సిర్కాకు అమ్మడానికి పగిలిన గుత్తులు కోయడం మొదలుపెట్టాడు. ఏమీ జరగనట్టు, ఒక్కొక్క గుత్తి తొడిమ పట్టి, కత్తెరతో కోసి, గంపలో పెడుతున్నాడు.

కాశమ్మ పోయి ఆయన చెయ్యి పట్టుకుంది.

"నేను చెప్పిన గదా! అందరి ముందట చెప్పిన. ఎందుకు ఇనలే?"

"నువ్వేం చెప్పలే. నేనేం ఇనలే. గంప ఇటు జరుపు."

"నీకు ఎరుకనే. నీకు ముందే ఎరుక!"

కత్తెర ఆగింది.

"పొద్దుగాలనే ఎరుకైంది," అన్నాడు ఆయన, తీగలతో చెబుతున్నట్టు. "ఎడ్ల దారి పొడుగున నీ అడుగులే ఉండె. బురదల నీ అడుగు నేను పట్టనా? ఇన్నేండ్ల నుంచి నా ముందట నడుస్తున్నవ్. నేనే ఎడ్లను తోలి, వాటిని తొక్కిచ్చి చెరిపేసిన."

కాశమ్మ అక్కడే కూలబడింది.

"మరి వాడి సామాను ఎందుకు పారేసినవ్?"

"కార్ఖానల నిన్ననే చెప్పిండ్రు, షరతు తప్పినోడు తోటల ఉండొద్దని. ఒక పేరు చెప్పాలె. ఎవలి పేరు చెప్పాలె నేను? అమ్మ పేరా? నీ పేరా?" ఆయన కత్తెరను గంపలో పడేశాడు. "భిక్షపతికి కండలున్నయ్. ఈశ్వరమ్మకు తల్లిగారిల్లున్నది. ఏడికన్న పోయి బతుకుతరు. నువ్వు ఏడికి పోతవ్? నీకు అన్న లేడు, తమ్ముడు లేడు, కడుపున ఒక నలుసు లేదు. నా ఇంటి నుంచి నిన్ను పంపితే మూసీల దునుకుడే గదా నీకు మిగిలేది?"

"దునుకుత! గదే మేలు!"

"అనకు గట్ల."

"నీకు తమ్ముడు వాడు. నీ చేతి మీద పెరిగిండు."

"ఎరుక."

"వాడు నిన్నెన్నడన్న మాఫ్ చేస్తడా?"

మొగులయ్య మళ్లీ కత్తెర అందుకున్నాడు. గుత్తి కోయబోయి తన వేలే కోసుకున్నాడు. రక్తం కారుతుంటే చూస్తూ నిలబడ్డాడు. ఆ మనిషిని కొట్టాలని కాశమ్మకు చేతులు లేచాయి, కౌగిలించుకోవాలని కూడా లేచాయి. రెండూ చేయలేక కొంగు చింపి ఆ వేలికి కట్టింది.

---

పొద్దు గూకకముందే భిక్షపతి పెట్టె నెత్తిన పెట్టుకున్నాడు. ఈశ్వరమ్మ చేతిలో చిన్న మూట. ఆ వెనక, చంకలో దుప్పటి పెట్టుకుని, కర్ర పట్టుకుని ఆగమ్మ.

"అమ్మా, నువ్వేడికి?" అన్నాడు మొగులయ్య, కట్టు ఉన్న వేలిని పట్టుకుని.

"కాన్పు ఎవలు చేస్తరు? నీ తోట చేస్తదా?"

ఆయన పందిళ్ల వైపు వెళ్లిపోయాడు. తమ్ముడు కమాను దాటడం చూసే శక్తి ఆయనకు లేదు.

కాశమ్మ పరుగున భిక్షపతి ముందుకు వచ్చి దారికి అడ్డంగా నిలబడింది.

"నేను గూడ వస్త. లేకుంటే రాయ్‌సాబ్ కాడికి ఇప్పుడే పోయి చెప్త. నిన్ను పోనియ్య భిక్షపతీ."

భిక్షపతి పెట్టె దించలేదు. ఈశ్వరమ్మకు వినపడకుండా గొంతు తగ్గించాడు.

"నువ్వు వచ్చినా, నువ్వు చెప్పినా నా మాట అబద్ధమని తేలుతది వదినా. మమ్మల్ని నమ్మి రాయ్‌సాబ్ ముందట సాబ్ పూచీ పడ్డడు. అబద్ధమని తెలిస్తే రేపే తీగలు పీకుతరు. అప్పుడు నేను పోయి ఏం లాభం? అన్న ఏడ ఉంటడు? నువ్వేడ ఉంటవ్?" ఈశ్వరమ్మ వైపు ఒకసారి చూశాడు. "నువ్వు చెప్పినవ్. నేను ఇన్న. నాకు గది చాలు. ఇంక ఎవలికీ చెప్పకు. ఈశ్వరమ్మకు గూడ. దానికి నోరు ఆగదు."

"ఎట్ల బతకాలె నేను, భిక్షపతీ?"

"ఏమో వదినా. నాకు గూడ ఎరుకలేదు."

పెట్టె సర్దుకుని వాడు ముందుకు నడిచాడు. కాశమ్మ పక్కకు జరిగింది. జరగక ఏం చేస్తుంది?

ఈశ్వరమ్మ కాశమ్మ ముందు ఆగింది. ఏడ్చి ఏడ్చి ఆమె కళ్లు వాచిపోయాయి. మూట కింద పెట్టి, బరువైన కడుపుతో, గోడ ఆసరాగా పట్టుకుని మెల్లగా కిందికి వంగింది. కాశమ్మకు ఏం జరుగుతున్నదో అర్థమయ్యేలోపలే ఆమె కాళ్లు పట్టుకుంది.

"ఏంది ఈశ్వరమ్మా? లే! లే, వంగరాదు నువ్వు!"

"అక్కా, నా మొగుడు చేసిన పనికి మీ బతుకు బజార్న పడబోయింది," అంది ఈశ్వరమ్మ వెక్కుతూ. "అంత తప్పు చేసినా నువ్వు ఆయన కోసం అబద్ధం చెప్పినవ్. సాబ్ ముందట నీ మీద ఏసుకున్నవ్. తోడబుట్టింది గూడ గట్ల చెయ్యదు. మమ్మల్ని మాఫ్ చెయ్యి అక్కా."

"వద్దు. గట్ల అనకు. లే బిడ్డా."

"నువ్వు అనేదాంక లెవ్వ. నీ ఉసురు తగిలితే నా కడుపుల బిడ్డ ఏమైతదో అని భయమైతున్నది. మాఫ్ చేసిన అని ఒక్క మాట అను."

కాశమ్మ తల ఎత్తింది. కమాను దగ్గర భిక్షపతి వెనక్కి తిరిగి నిలబడి ఉన్నాడు. వద్దని తల అడ్డంగా ఊపాడు. చెప్పొద్దని ఆ తల ఊపడం. పందిళ్ల కింద కత్తెర చప్పుడు ఆగిపోయి ఉంది. కాళ్ల దగ్గర ఈశ్వరమ్మ ఆయాసపడుతున్నది.

"మాఫ్ చేసిన," అంది కాశమ్మ.

ఈశ్వరమ్మ కళ్లు తుడుచుకుంది. కాశమ్మ చెయ్యి ఆసరా పట్టుకుని లేచింది, మూట అందుకుంది. మనసు తేలికపడినట్టు ఒక్కసారి నవ్వి, మొగుడి వెనకే నడిచింది.

ఆగమ్మ కదలలేదు. వాళ్లిద్దరూ కమాను అవతలికి పోయేదాకా కోడలి వైపే చూస్తూ నిలబడింది.

"అత్తా, నువ్వన్న నన్ను తిట్టు," అంది కాశమ్మ.

"తిట్టి ఏం జెయ్యాలె? నీ పాపంల సగం నాదే," అంది ఆగమ్మ. "కాని గిది నేను కడుపుల పెట్టుకోలేను కాశీ. వాడు వద్దన్నా సరే. బిడ్డ పుట్టి, పురుడు పోసినంక, ఈశ్వరమ్మకు నేనే చెప్త. గప్పటిదాంక దాన్ని మాఫ్ చేసినదానివై ఉండు నువ్వు."

కర్ర ఊతగా వేసుకుంటూ ఆమె కూడా కమాను దాటి, షాలిబండ రోడ్డు మీదికి తిరిగింది.